పదకొండు దీపాల లెక్క: దుర్యోధనుడి నాటిక తయారీ డైరీ

దుర్యోధనుడి మీద గంటలోపు నాటిక కట్టాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని ఈ డైరీ బయటపెడుతున్నాను. మేం పాడుచేసిన డబ్బు, రోజులు మీకు మిగలాలి. కథ ఐదు చోట్ల నడుస్తుంది: మయసభ, హస్తినలో తండ్రి ముందు, యుద్ధం పద్దెనిమిది రోజులు, అతను దాక్కునే ద్వైపాయన మడుగు, చివరికి గదాయుద్ధం జరిగే శమంతపంచకం. రాత, రంగాలంకరణ, లైట్లు నావి. వేషం మాష్టారిది. ఆయనకు 61 ఏళ్ళు. ముప్పై ఏళ్ళుగా తిరునాళ్ళలో, శ్రీరామనవమి పందిళ్ళలో రాయబారం సీనుకు దుర్యోధనుడంటే మా చుట్టుపక్కల ఆయనే. ఇంకా ఒక హార్మోనిస్టు, మరో నలుగురు నటులు, ఏడేళ్ళ పిల్లాడు ఒకడు.

చేతిలో ఉన్నది 17,000 రూపాయలు. స్టేజీ వెడల్పు 24 అడుగులు, లోతు 18, హాలు నేల నుంచి ఎత్తు 3 అడుగుల 3 అంగుళాలు. ఆ ఎత్తు కొలత మీరు మొదటి రోజే రాసిపెట్టుకోండి. మేం పద్నాలుగో రోజున గానీ కొలవలేదు.

దశ 1: మయసభ నేల (1 నుంచి 19వ రోజు)

దుర్యోధనుడు నేలను నీళ్ళనుకుని బట్టలు పైకెత్తుకోవాలి. తర్వాత నీళ్ళను నేలనుకుని నడిచి పడిపోవాలి. సభాపర్వంలో వరస ఇదే, మేమూ మార్చలేదు.

4వ రోజు. కుడివైపు 8 మీటర్ల నీలం శాటిన్ గుడ్డ పరిచాం, కింద ఇద్దరు కూర్చుని అలల్లా కదిపారు. వీధిలోవాళ్ళు పద్నాలుగు మంది చూడటానికొచ్చారు. మాష్టారు గుడ్డకు ఆరడుగుల దూరంలో ఉండగానే పదకొండు మంది నవ్వేశారు. ఆయన ఇంకా పడలేదు! పడ్డాక నవ్వు రెట్టింపైంది. మిగతా రిహార్సల్ అంతా ఆయన ఏం మాట్లాడినా జనం పెదాల మీద ఆ నవ్వు పోలేదు.

9వ రోజు. గుడ్డ తీసేసి, వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి అడుగున అద్దం ముక్కలు పేర్చి లైటు ఏటవాలుగా కొట్టాం. వెనక తెర మీద అలల నీడలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఫలితం మాత్రం అదే. అలలు కనిపించిన క్షణంలోనే ఇక్కడ నీళ్ళున్నాయని అందరికీ తెలిసిపోయింది.

ఆ రాత్రి ఇంటికెళ్తూ మాష్టారు అన్నమాట: "నాయనా, వాళ్ళకు ముందే తెలిస్తే నేను గుడ్డివాణ్ణి. వాళ్ళకూ తెలియకపోతే నేను మనిషిని."

పని దిశ మొత్తం అక్కడ మారింది. అప్పటిదాకా నీళ్ళు చూపించడానికి కష్టపడ్డాం. అప్పటినుంచి దాచడానికి కష్టపడ్డాం. తప్పు చూసిన కన్ను దుర్యోధనుడిది ఒక్కడిదే అయితే మిగిలేది ప్రహసనం. హాల్లో ఉన్న ప్రతి కన్నూ తప్పు చూడాలి.

14వ రోజు. కొలతలు తీశాం. కుర్చీలో కూర్చున్న మనిషి కన్ను హాలు నేలకు సుమారు 4 అడుగుల ఎత్తున ఉంటుంది. అంటే స్టేజీ నేలకు 9 అంగుళాలే పైన. మొదటి వరస నుంచి మా మడుగు దగ్గరి అంచుకు దూరం 20 అడుగులు, చివరి వరస నుంచి 50. ఇంత వాలుగా చూసే కంటికి నీళ్ళ లోపల ఏముందో కనబడదు. నీటి ఉపరితలం తన మీద పడ్డ వెలుగును నూటికి ఎనభై వంతులకు పైగా తిప్పికొట్టేస్తుంది. అదే నిలువుగా పైనుంచి చూస్తే తిరిగొచ్చేది రెండు వంతులే. నున్నటి నల్ల అక్రిలిక్ షీటు కూడా ఆ వాలులో దాదాపు నీళ్ళలాగే ప్రవర్తిస్తుంది. కాబట్టి నల్లడుగు ఉన్న నీళ్ళు, నల్ల షీటు పక్కపక్కన పెడితే కింద కూర్చున్నవాడు ఏది ఏదో చెప్పలేడు. బాల్కనీ ఉన్న హాల్లో ఈ పద్ధతి పనికిరాదు, ముందే చెబుతున్నాను.

తయారీ ఇలా:

1. 6 అడుగుల పొడవు, 4 అడుగుల లోతు గల రెండు చెక్క చట్రాలు.
2. ఎడమ చట్రం మీద ప్లైవుడ్, దాని మీద 3 మిల్లీమీటర్ల నల్ల అక్రిలిక్. పై ఉపరితలం స్టేజీకి 2 అంగుళాల ఎత్తున.
3. కుడి చట్రంలో నల్ల టార్పాలిన్ మడతలు రాకుండా పరిచి మూలలకు సిలికాన్. నీళ్ళు 2 అంగుళాల మట్టానికి.
4. రెంటి మధ్య 2 అడుగుల పట్టీ, అదే షీటులో మిగిలిన ముక్కతో.
5. వెనక మూడు బంగారు రంగు స్తంభాలు. ప్రతిబింబించడానికి ఏదో ఒకటి లేకపోతే రెండూ ఉత్త నల్లమచ్చల్లా ఉంటాయి.

నీళ్ళు 113 లీటర్లు పట్టాయి, అంటే 113 కిలోల బరువు. తొట్టి పెట్టేముందు స్టేజీ కింద దూలం ఎక్కడుందో చూసుకోండి.

మొదటి తప్పు అంచు దగ్గర జరిగింది. నీళ్ళు ఒలకకూడదని తొట్టి ముందంచు 3 అంగుళాలు కట్టాం, అంటే నీటిమట్టం కంటే ఒక్క అంగుళం పైకి. మొదటి వరసలో కూర్చుని చూస్తే ఆ అంగుళం 40 అంగుళాల నీళ్ళను మింగేసింది. 48లో మిగిలింది 8. కోసి పావు అంగుళం మాత్రమే ఉంచాం. మొదటి వరసకు 9 అంగుళాలు, చివరి వరసకు 22 అంగుళాలు మాత్రమే మరుగున పడ్డాయి. అది చాలు.

రెండో తప్పు వణుకు. మాష్టారు అడుగు వేస్తే చెక్కలు అదిరి నీళ్ళలో స్తంభాలు ఊగేవి, షీటులో స్తంభాలు నిలకడగా ఉండేవి. కళ్ళున్నవాడెవడైనా పట్టేస్తాడు. తొట్టి కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు నాలుగు మడతలు వేసి పెట్టాం. ముందు రెండు సీలింగ్ ఫ్యాన్లు తెర లేవడానికి ఐదు నిమిషాల ముందే ఆపించాం. వణుకు పోయింది.

కరెంటు తీగలన్నీ తొట్టికి 6 అడుగుల అవతల, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ మీదుగానే. ఈ విషయంలో సర్దుబాటు వద్దు.

17వ రోజు. కొత్తగా తొమ్మిది మందిని కూర్చోబెట్టాం. మాష్టారు షీటు దగ్గర ఆగి పంచె పైకెత్తి పాదం మోపారు, పొడిగా ఉంది. ఆయన భుజాలు వదులయ్యాయి. మూడు అడుగులు తల ఎత్తి నడిచారు. నాలుగో అడుగు తొట్టిలో పడింది. ఒక్కరూ నవ్వలేదు. ఒకావిడ "అయ్యో" అంది. రిహార్సల్ పుస్తకంలో ఆ మాట ఎర్ర సిరాతో రాసుకున్నాను.

తడిసిన పంచె మార్చడానికి మొదట 4 నిమిషాల 10 సెకన్లు పట్టింది, కథ ఆగిపోయేది. మూలంలో దీనికి జవాబుంది: ధర్మరాజు ఆజ్ఞతో పరిచారకులు పొడిబట్టలు తెచ్చి ఇస్తారు. అంటే దుర్యోధనుడు ఆ రోజు కట్టుకున్నది పాండవులిచ్చిన బట్టలు! తెర వెనక మార్చడం మానేశాం. ఆకుపచ్చ అంచు ఉత్తరీయం పళ్ళెంలో వస్తుంది, ఆయన తడి పంచె మీదే దాన్ని కప్పుకుంటారు, తర్వాతి సీను అంతా దానితోనే ఉంటారు. 35 సెకన్లలో అయిపోతోంది.

ఖర్చు: వృథా అయినవి (గుడ్డ, పళ్ళెం, అద్దాలు) 1,300, అక్రిలిక్ 3,800, టార్పాలిన్ 650, చెక్క 1,100, సిలికాన్ 240, పంచె, ఉత్తరీయం 1,450.
ఇప్పటిదాకా: 8,540 రూపాయలు. నాటిక నిడివి: 16 నిమిషాలు.

దశ 2: గొంతు, శ్రుతి (20 నుంచి 27వ రోజు)

డబ్బు పైసా ఖర్చు కాలేదు, నిద్ర మాత్రం పోయింది.

1977లో దానవీరశూరకర్ణ వచ్చాక తెలుగువాడికి మయసభ అనగానే ఒకే గొంతు వినిపిస్తుంది. ఎన్.టి. రామారావు గారి స్వగతం, కొండవీటి వేంకటకవి గారి మాటలు. మా మాటలు వేరే, అయినా మాష్టారు నోరు తెరవగానే ఆ ఎత్తుగడే వచ్చేది. ఆయన తప్పేం కాదు, ఆ గొంతు మా అందరి చెవుల్లోనూ ఉంది. రికార్డు చేసి ఆయనకే వినిపిస్తే, "ఇది నాది కాదురా అబ్బాయ్" అని తలపట్టుకున్నారు.

మార్చినవి మూడు. మొదట, నిలబడి మాట్లాడటం తీసేసి తండ్రి కాళ్ళ దగ్గర జానెడు ఎత్తు పీట మీద కూర్చోబెట్టాం. రెండోది, వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోమన్నాం, చివర కాదు. మూడోది అన్నిటికంటే పనిచేసింది: ధృతరాష్ట్రుడి చెయ్యి కొడుకు భుజం మీద తడి ఉత్తరీయాన్ని తడుముతూ ఉంటుంది. కళ్ళు మోసపోయిన సంగతిని కళ్ళులేని తండ్రికి చెప్పాలి. అలా చెబుతుంటే గొంతు దానంతటదే తగ్గింది.

నవ్వు సంగతి కూడా ఇక్కడే తేలింది. పడగానే ద్రౌపది నవ్వినట్టు మొదట రికార్డు పెట్టాం, అందరికీ తెలిసిన కథ అదే కదా. తర్వాత సంస్కృత సభాపర్వం మళ్ళీ చదివాను. కథకుడు ఆ ఘట్టం చెప్పేటప్పుడు నవ్వినవాళ్ళు భీముడు, అర్జునుడు, కవలలు, పరిచారకులు. ద్రౌపది పేరు లేదు. అదే సంగతిని దుర్యోధనుడు తండ్రికి తన నోటితో చెప్పేటప్పుడు మాత్రం కృష్ణుడి నవ్వు, స్త్రీలతో కూడిన ద్రౌపది నవ్వు వచ్చి చేరతాయి.

ఇది చదివిన రోజు ఇంకే పనీ చెయ్యలేదు. జూదం, నిండు సభలో ఆమెను ఈడ్చడం, తన తొడ చూపించడం, అన్నిటి వెనకా నవ్వు ఒకటుంది. ద్రౌపది నవ్వు అతను చెప్పిన మాటల్లోనే ఉంది. నిజంగా వినిపించిందా, దారిలో పెరిగిందా? నాటిక దీనికి తీర్పు చెప్పదు, స్పీకర్లో నవ్వు వేసే చోటు మాత్రం మారింది:

1. మడుగులో పడ్డప్పుడు నీళ్ళ చప్పుడు, 3 సెకన్ల నిశ్శబ్దం, తర్వాత భీముడి నవ్వు ఒక్కటే.
2. హస్తినకు వెళ్ళే దారిలో శకునితో మాట్లాడేటప్పుడు ఏ నవ్వూ లేదు. నిప్పులో దూకుతాను, విషం తాగుతాను, నీళ్ళలో పడతాను అనే మాటలు మాత్రమే.
3. తండ్రితో చెప్పేటప్పుడు, మాష్టారు "ద్రౌపది" అన్న మరుక్షణం, చాలా సన్నగా ఆడనవ్వు. మొదటిసారి వినబడేది ఇక్కడే.
4. ఆ తర్వాత ప్రతి సీనులో ఒకసారి, ప్రతిసారీ కొంచెం పెద్దగా.

మడుగు సీనుకు కొత్త తొట్టి చెయ్యలేదు. మయసభలో పడ్డ తొట్టినే ద్వైపాయన మడుగు చేశాం. అప్పుడు నీళ్ళని తెలియక పడ్డాడు, ఇప్పుడు ఆ నీళ్ళనే స్తంభింపజేసి లోపల దాక్కున్నాడు. 2 అంగుళాల నీళ్ళలో మాష్టారు కూర్చుంటారు, ఛాతీదాకా నల్లగుడ్డ, ముందు నుంచి చూస్తే మెడలోతు మునిగినట్టే ఉంటుంది. గొంతును స్పీకర్లో వేసి చూశాం, దేవుడు పలికినట్టుంది, తీసేశాం.

మా పద్యనాటకాల్లో పద్యం తర్వాత రాగం తీస్తే జనం చప్పట్లు కొడతారు, వన్స్ మోర్ అంటారు. మడుగులో పద్యానికి 3 నిమిషాల 20 సెకన్లు పట్టింది, చప్పట్లు పడ్డాయి, దాక్కున్న మనిషి కాస్తా కచేరీ చేసే మనిషయ్యాడు. పద్యం తీసేద్దామన్నాను. మాష్టారు ఒప్పుకోలేదు: "వాడు జీవితమంతా శ్రుతి ఇచ్చేవాళ్ళ మధ్య బతికాడు. పద్యం వద్దనకు, శ్రుతి తీసెయ్."

రెండో పాదం దాటాక హార్మోనిస్టు బెల్లోస్ (గాలితిత్తి) మూసి చేతులు ఒళ్ళో పెట్టుకుంటాడు. మాష్టారు ఒంటరిగా పాడతారు. చన్నీళ్ళలో కూర్చుని, నాలుగు శ్రుతిలో ఎత్తుకున్న పద్యం చివరికొచ్చేసరికి మూడుకు జారింది, సరిగ్గా అరమెట్టు. ఆయనకు తెలియలేదు. పద్యం అయ్యాక హార్మోనియం మళ్ళీ నాలుగులో ఒక్క స్వరం పలుకుతుంది. ఎంత జారాడో హాలు మొత్తానికీ ఆ స్వరం చెబుతుంది. చప్పట్లు ఆగిపోయాయి.

ఇప్పటిదాకా: 8,540 రూపాయలు. నిడివి: 32 నిమిషాలు.

దశ 3: పదకొండు దీపాలు (28 నుంచి 33వ రోజు)

కౌరవుల సేన 11 అక్షౌహిణులు, పాండవులది 7. ఒక్క అక్షౌహిణి అంటే 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. ఈ అంకెలు స్టేజీ మీద చెబితే ఎవరికీ ఎక్కవు. వెనక మెట్టు మీద వరసగా పదకొండు ప్రమిదలు పెట్టాం.

నూనె, వత్తులతో రెండు రోజులు. వేసవిలో ఫ్యాన్లు పూర్తిగా ఆపలేం, గాలికి ఇష్టం వచ్చిన దీపం ఇష్టం వచ్చినప్పుడు ఆరిపోయేది. భీష్ముడు పడకముందే ఐదు పోయాయి. పైగా పక్కనే తెరగుడ్డ. వద్దనుకున్నాం. ప్రమిదల్లో చిన్న ఎల్‌ఈడీలు, నాలుగు స్విచ్చులు.

1. భీష్ముడి 10 రోజులు అయ్యాక 3 ఆరతాయి.
2. ద్రోణుడి 5 రోజులు, మరో 3.
3. కర్ణుడి 2 రోజులు, మరో 3.
4. శల్యుడి పూట, మిగిలిన 2.

ప్రతిసారీ దుర్యోధనుడు వెనక్కి తిరిగి దీపాలు లెక్కపెడతాడు. ప్రతిసారీ పదకొండే వస్తాయి. అదే ఈ సీను. ఆరిపోయిన ప్రమిదల మీదుగా కూడా వేలు ఆగకుండా కదులుతుంది, లెక్క తడబడదు.

మొదట మాష్టారు లెక్క లెక్కకూ గొంతు తగ్గించారు. నటుడిగా అది సహజమే, ఓడిపోతున్నాడు కదా. చూస్తే జాలి అడుక్కుంటున్నట్టుంది. తిరగేశాం: దీపాలు తగ్గేకొద్దీ లెక్క వేగం పెరగాలి, గొంతు తేలికపడాలి. మొదటి లెక్కకు 14 సెకన్లు, చివరి లెక్కకు 6. ఆ ఆరు సెకన్లు చీకట్లో.

ఒక చోట మాత్రం భ్రమ ఉండదు. అది చేర్చడానికి మూడు రోజులు వాదించుకున్నాం. కర్ణుడు పడ్డాక కృపుడు సంధి చేసుకోమంటాడు. శల్యపర్వంలో దుర్యోధనుడి జవాబు చదవండి: జూదంలో మోసపోయిన ధర్మరాజు నన్నెలా నమ్ముతాడు, ద్రౌపది మా నాశనం కోరి కటికనేల మీద పడుకుంటోంది, ఇంక సంధి ఎక్కడిది అంటాడు. ప్రతి మాటా నిజం. తను చేసింది పూసగుచ్చినట్టు తెలుసు. తెలిసీ శల్యుడికి సేనాపతి పట్టం కట్టి, మళ్ళీ గెలుస్తామనుకుంటాడు. తెలియనివాడు మోసపోవడం వేరు, తెలిసినవాడు లెక్క తప్పుగా చదవడం వేరు. మా దుర్యోధనుడు రెండోవాడు. కృపుడికి జవాబు చెబుతున్నప్పుడు మాష్టారు దీపాల వైపు చూడరు, ఒక్కసారి కూడా. చూడకపోవడాన్ని రిహార్సల్ చెయ్యడం చాలా కష్టం. మెడ దానంతటదే తిరుగుతుంది. ఎదురుగోడ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి సాధన చేశారు.

ఖర్చు: నూనె, వత్తులు 165; దీపాలు 11, ఒక్కోటి 85 చొప్పున 935; వైరు, బోర్డు 780.
ఇప్పటిదాకా: 10,420 రూపాయలు. నిడివి: 40 నిమిషాలు.

దశ 4: గద (30 నుంచి 41వ రోజు)

మొదటి గద: చెక్క కర్ర, పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్. 4 కిలోల 200 గ్రాములు. రెండు తిప్పులకే మాష్టారి భుజం పట్టేసింది. రెండోది థర్మోకోల్, 380 గ్రాములు. చూడ్డానికి నిండుగా ఉంది గానీ తిప్పితే విసనకర్రే. చేతిలో బరువుందో లేదో నటుడి మోచెయ్యి చెప్పేస్తుంది, రంగు ఎంత బాగా వేసినా దాగదు.

మూడోది నిలిచింది:

1. ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపు, మూడు అడుగులు.
2. ఊదిన బుడగ మీద కాగితపు గుజ్జు ఆరు పొరలు, పొర పొరకూ ఒక పూట ఎండ.
3. బుడగ తీసేసి పైపుకు బిగించాక, గుండులోకి పైపు మీదుగా ఎండిన ఇసుక పోసి, గుడ్డ కుక్కి రెండు చివరలూ మూసెయ్యాలి.
4. తూకం 1,650 గ్రాములు, అందులో మూడింట రెండు వంతులకు పైగా గుండు వైపే.

గుడ్డ వదులుగా కుక్కితే ఇసుక గలగలమంటుంది. మాకు రెండుసార్లు అయింది.

ఇంత చేసి యుద్ధాన్నే తీసేశాం. 4 నిమిషాల గదాయుద్ధం నాలుగు రకాలుగా కట్టాం, అన్నీ వ్యాయామంలాగే ఉన్నాయి. భాసుడి ఊరుభంగం దగ్గరికి వెళ్ళాం. 1912లో తిరువనంతపురం నుంచి టి. గణపతిశాస్త్రి గారు ప్రచురించిన భాస నాటకాల్లో ఒకటి, ఒకే అంకం. అందులో భీమ దుర్యోధనుల పోరు కంటికి కనబడదు, ముగ్గురు సైనికులు చూసి చెబుతారు. మేమూ ముగ్గురిని నిలబెట్టాం. గద ఊగిన గాలి చప్పుడు లోపలి నుంచి, మాట బయట. 3 నిమిషాల్లో ముగిసింది.

ఖర్చు: ప్లాస్టర్ 320, చెక్క 450, థర్మోకోల్ 180, పైపు 140, కాగితం, జిగురు 210, రంగు 260.
ఇప్పటిదాకా: 11,980 రూపాయలు. నిడివి: 43 నిమిషాలు.

దశ 5: తొడ (42 నుంచి 55వ రోజు)

విరిగే చప్పుడు. ఎండుకర్ర విరిస్తే టపాకాయలా ఉంది. పచ్చి చెరుకుగడను తడి గోనెలో చుట్టి మోకాలికి ఆనించి విరిచాం, మైకుకు 2 అడుగుల దూరంలో. ముందు పీచు నలిగి, తర్వాత తెగింది. విన్న అందరం కాసేపు మాట్లాడలేదు. కణుపు దగ్గర విరవొద్దు, రెండు కణుపుల నడుమ విరవండి.

రక్తం కోసం కుంకుమ నీళ్ళు పూశాం. పసుపు లైటులో నారింజ రంగుకు తిరిగింది. రక్తం మొత్తం వదిలేశాం. ఆయన చేతుల మీద ఈడ్చుకుంటూ వస్తారు, 11 అడుగులు, 1 నిమిషం 40 సెకన్లు. మోచేతులకు పట్టీలు తప్పనిసరి, మొదటి రోజే చర్మం లేచిపోయింది. నడుము కింద భాగం ఏమాత్రం సాయం చెయ్యకూడదు. అలవాటు కోసం రిహార్సల్లో రెండు కాళ్ళూ ఉత్తరీయంతో కలిపి కట్టుకున్నారు. కట్టుకున్నది ఆకుపచ్చ అంచుదే. ప్రదర్శనలో కూడా అలాగే ఉంచాం.

రంగస్థలం మీద చావు చూపకూడదని నాట్యశాస్త్రం. భాసుడు దుర్యోధనుణ్ణి అందరి కళ్ళముందే చనిపోనిస్తాడు. మా ముగింపుకు ఆధారం అదే. అన్నిటికంటే మేం దాచుకున్నది దుర్జయుడి ఘట్టం. కొడుకు పరుగెత్తుకొచ్చి తండ్రి ఒళ్ళో కూర్చోబోతాడు. తండ్రి ఆపుతాడు. ఈ రోజు నుంచి అది నీ ఆసనం కాదు, ఇంకెక్కడైనా కూర్చో అంటాడు. నిండు సభలో ద్రౌపదికి చూపించిన తొడ. ఇప్పుడు కన్నబిడ్డకు చోటివ్వలేదు.

పిల్లాడు హార్మోనిస్టు మనవడు. రోజుకు 40 నిమిషాలకు మించి రిహార్సల్ పెట్టలేదు. మొదటి వారం వాడు ఆగలేదు. "కూర్చోకురా" అంటే "ఎందుకు తాతా, రోజూ కూర్చుంటాగా" అని వచ్చి కూర్చునేవాడు. కాలు విరిగిందని చెప్పి చూశాం, నొప్పి అని చెప్పి చూశాం. వాడి ముఖంలో జాలి వచ్చేసింది, అది ముందే రాకూడదు. చివరికి వాడికి ఏమీ చెప్పడం మానేశాం. మాష్టారే చెయ్యి అడ్డం పెట్టి ఆపుతారు. వాడికి అర్థం కాదు. అర్థం కాని ఆ ముఖమే మాకు కావలసింది.

ఖర్చు: చెరుకు 150, పట్టీలు 380.
ఇప్పటిదాకా: 12,510 రూపాయలు. నిడివి: 55 నిమిషాలు.

దశ 6: ప్రదర్శన (58వ రోజు)

వ్యాను 1,800, హాలు 2,500. మొత్తం 16,810 రూపాయలు. నిడివి 58 నిమిషాలు. ఈడ్చుకుంటూ రావడం రిహార్సల్ కంటే నిమిషంన్నర ఎక్కువైంది, తొట్టి నింపడానికి మధ్యలో ఆగిన నిమిషంన్నర ఒకటి.

తొట్టి నింపడం ఎందుకంటే, వ్యానులో ఒక మూల సిలికాన్ విడిపోయింది. మయసభ సీను అయ్యేసరికి నీళ్ళు ముప్పావు అంగుళం తగ్గాయి. మట్టం తగ్గితే అంచు పెద్దదైనట్టే. వెనక వరసలకు మడుగు కనబడి ఉండదు. రెండు బకెట్ల నీళ్ళు, ఉత్తరీయం పళ్ళెం మోసే పరిచారకుల చేతే పోయించాం. మీరు తొట్టిని హాలుకు తెచ్చాకే సిలికాన్ వెయ్యండి, ఒక రాత్రి ఆరనివ్వండి.

మడుగులో పడ్డప్పుడు హాల్లో ఇద్దరు నవ్వారు, కుడివైపు గోడ పక్క మెట్ల మీద నిలబడినవాళ్ళు. నిలబడిన కంటికి నీళ్ళు ముందే తెలిసిపోతాయి. వచ్చేసారి ఆ మెట్లు మూయించాలి.

లెక్కలు నాలుగూ సరిగ్గా పడ్డాయి. చివరి లెక్క ఐదు సెకన్లే.

దుర్జయుడి దగ్గర మాష్టారు చెయ్యి అడ్డం పెట్టారు. పిల్లాడు ఆగాడు. రిహార్సల్లో ఇక్కడ పక్కకు వెళ్ళి నిలబడేవాడు. ఆ రోజు వెళ్ళలేదు. తండ్రి పక్కనే నేల మీద చతికిలబడి, పడి ఉన్న గదను రెండు చేతులా లాగి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. బరువుకు వాడి మోకాళ్ళు కిందికి దిగాయి. మాష్టారు తర్వాతి మాట మరిచిపోయారు, లేదా చెప్పదలుచుకోలేదు, ఇప్పటికీ నేనడగలేదు. హార్మోనిస్టు వెయ్యాల్సిన చోట శ్రుతి వెయ్యలేదు. పన్నెండు సెకన్లు.

ప్రతిలో ఆ మాట కొట్టేశాను. గదలో ఇసుక తగ్గిద్దామని పిల్లాడి అమ్మ అడిగింది. 1,650 గ్రాముల నుంచి 1,400కు తెచ్చాం, వాడి మోకాళ్ళు ఇంకా దిగుతున్నాయి, నొప్పి లేదంటున్నాడు. తొట్టి మూల ఈ ఆదివారం విప్పి కొత్త టార్పాలిన్ వేస్తున్నాం.